అవెన్యూ నుంచి గనుల దాకా... విప్లవం నడిచిన దారి

ట్యునీషియా రాజధాని ట్యూనిస్ నడిబొడ్డున ఉన్న హబీబ్ బూర్గిబా అవెన్యూ పొడవు దాదాపు ఒకటిన్నర కిలోమీటరు, వెడల్పు అరవై మీటర్లు. రెండు పక్కలా వాహనాలు పోతుంటాయి. నడుమ పాదచారుల కోసం విశాలమైన బాట వదిలారు. ఆ బాటకు అటూ ఇటూ, పైభాగం చదునుగా కత్తిరించిన ఫైకస్ చెట్ల వరుసలు. శీతాకాలం సాయంత్రాల్లో ఐరోపా చలికి తట్టుకోలేక సముద్రం దాటి వచ్చిన గోరువంక జాతి పిట్టలు వేలకు వేలుగా ఈ కొమ్మల మీద వాలతాయి. ఆ గోలలో పక్కన నడిచే మనిషి మాట కూడా వినపడదు. కాఫీ కొట్ల వాళ్లు గొడుగులు వేసి ఉంచేది ఎండ కోసమే కాదు, ఈ పిట్టల కోసం కూడా. 2011 జనవరి 14న ఈ చెట్ల కిందే జనం కిక్కిరిసి నిలబడి, ఇరవై మూడేళ్లుగా దేశాన్ని ఏలుతున్న జైనుల్ ఆబిదీన్ బెన్ అలీని దిగిపొమ్మన్నారు. ఆ సాయంత్రమే ఆయన విమానమెక్కి సౌదీ అరేబియాలోని జెడ్డాకు వెళ్లిపోయాడు. 2019లో అక్కడే కన్నుమూశాడు.

ఈజిప్టు, లిబియా, సిరియా, యెమెన్‌లలో ఆ తర్వాత ఏం జరిగిందో మన పత్రికల్లో చాలా చదివాం. అగ్గి మొదట రాజుకున్న ట్యునీషియా గురించి మాత్రం తక్కువే తెలుసు. జనాభా కోటీ ఇరవై లక్షల దరిదాపు, అంటే హైదరాబాద్ మహానగరం కంటే కొంచెం పెద్ద లెక్క. చమురు పెద్దగా లేదు. ఉన్నవి ఆలివ్ తోటలు, ఖర్జూరాలు, ఫాస్ఫేట్ గనులు, సముద్ర తీరం, చదువుకున్న యువత. అంత చిన్న దేశంలో విప్లవం తర్వాత రాజకీయం ఎటు పోయింది, బతుకు ఎటు పోయిందన్నది చూడాలంటే ముందు ఈ వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. ఆ తర్వాత బండెక్కి దక్షిణానికి వెళ్లాలి.

నడక పడమటి కొసన ఉన్న బాబుల్ బహర్ దగ్గర మొదలుపెట్టడం మేలు. బాబుల్ బహర్ అంటే సముద్ర ద్వారం. పాత నగరమైన మదీనాకు ఇది తూర్పు గుమ్మం. దీని బయట ఒకప్పుడు ఉప్పునీటి సరస్సు దాకా బురద నేల. 1861 నాటికి ఫ్రెంచివాళ్లు ఈ ఖాళీలో తమ కాన్సులేట్ భవనం కట్టుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1881లో, దేశాన్నే తమ రక్షణ కిందికి తెచ్చుకున్నారు. ఆ పని చేయించిన ఫ్రెంచి ప్రధాని జూల్స్ ఫెర్రీ పేరు ఈ వీధికి పెట్టారు. 1956లో స్వాతంత్ర్యం వచ్చాక ఫెర్రీ పోయి, దేశ తొలి అధ్యక్షుడు బూర్గిబా వచ్చాడు. 1987 నవంబర్ 7న వృద్ధుడైన బూర్గిబాను పక్కకు తప్పించి గద్దెనెక్కిన బెన్ అలీ, వీధి పేరు జోలికి పోలేదు గానీ, తూర్పు చివరి కూడలికి తాను అధికారంలోకి వచ్చిన తేదీనే పేరుగా పెట్టుకున్నాడు. గుర్రమెక్కిన బూర్గిబా కంచు విగ్రహాన్ని అక్కడి నుంచి ఎత్తించి ఊరి బయట లా గూలెత్ రేవుకు పంపించాడు. ఆ చోట ఇప్పుడు గడియార స్తంభం ఉంది. విప్లవం తర్వాత కూడలి పేరు జనవరి 14గా మారింది. 2016లో బూర్గిబా గుర్రం మళ్లీ ఇదే వీధికి తిరిగొచ్చింది. చరిత్ర పుస్తకం తెరవకుండానే, ఎవరు దిగారు, ఎవరు ఎక్కారన్నది ఈ వీధి బోర్డులను బట్టి చెప్పేయవచ్చు.

ఫ్రెంచి కాన్సులేట్ ఇప్పుడు రాయబార కార్యాలయం. ఎదురుగా 1890ల్లో కట్టిన సెయింట్ విన్సెంట్ డీ పాల్ కెథడ్రల్. ఈ రెండింటి మధ్య, చేతిలో పుస్తకం పట్టుకుని, నిలువెత్తు అంగీ తొడుక్కున్న ఒక పెద్దమనిషి విగ్రహం ఉంది. ఆయన ఇబ్న్ ఖల్దూన్. 1332లో ట్యూనిస్‌లోనే పుట్టాడు. రాజవంశాలు ఎలా బలపడతాయి, మూడు నాలుగు తరాల్లో సుఖాలు మరిగి ఎలా కూలతాయి, కూలే ముందు పన్నులు ఎందుకు పెంచుతాయి అన్నది ఆరున్నర శతాబ్దాల కిందటే కూర్చుని రాసిన మేధావి. ఎదుట విదేశీ రాయబార కార్యాలయం, ఎడంగా హోంశాఖ భవనం. ఆ పెద్దాయనకు ఇంతకంటే తగిన చోటు దొరకదు.

ఇంకాస్త ముందుకెళితే తెల్లటి పూలతీగల శిల్పాలతో మున్సిపల్ థియేటర్. 1902లో తెరిచారు. నాటకాలు, సంగీత కచేరీలు లోపల జరుగుతాయి. నిరసనలు మాత్రం బయట మెట్ల మీద. విప్లవానంతర ట్యునీషియాలో ఏ సంఘానికి ఏ గోడు ఉన్నా, ముందు వచ్చి నిలబడేది ఆ మెట్ల మీదే. అక్కడి నుంచి కొద్ది దూరంలో బూడిద రంగు హోంశాఖ భవనం. దాని నేలమాళిగల్లో రాజకీయ ఖైదీలు పడ్డ హింసలు బూర్గిబా, బెన్ అలీ పాలనలు రెండింటిలోనూ కుప్రసిద్ధం. జనవరి 14న జనం నేరుగా వచ్చి ఆగింది ఈ గుమ్మం ముందే. అప్పటి నుంచి ఏళ్ల తరబడి ఈ భవనం చుట్టూ ముళ్లకంచె చుట్టలు పడి ఉన్నాయి. ఫొటో తీస్తే పోలీసులు ఊరుకోరు.

అవెన్యూకు వెనకవైపు సందుల్లో మహమ్మద్ అలీ కూడలి ఉంది. అక్కడ యూజీటీటీ అనే కార్మిక సమాఖ్య ప్రధాన కార్యాలయం. ఫర్హత్ హషద్ అనే నాయకుడు 1946లో దీన్ని స్థాపించాడు. వలస పాలకుల కాలంలో, 1952లో, ఆయన్ని కాల్చి చంపారు. పొరుగు అరబ్ దేశాల్లో లేనిదీ, ఇక్కడ ఉన్నదీ ఈ సంఘమే. బెన్ అలీ హయాంలో పై నాయకత్వం ఆయనకు అణిగి మణిగి ఉన్నా, జిల్లాల్లోని శాఖలు చెప్పుచేతల్లో ఉండలేదు. విప్లవంలో జనవరి 12న స్ఫాక్స్ నగరాన్ని సమ్మెతో స్తంభింపజేసింది వాళ్లే. 14న రాజధానిలో రెండు గంటల సమ్మెకు పిలుపునిచ్చిందీ వాళ్లే. ఆ రెండు గంటలే అవెన్యూను నింపాయి.

విప్లవంలో 338 మంది చనిపోయారని ఆ తర్వాత వేసిన విచారణ సంఘం తేల్చింది. దాని తర్వాత మొదటి నాలుగేళ్లూ నిజంగా అబ్బురమైనవే. 2011 అక్టోబర్ 23న రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిగాయి. 217 సీట్లలో 89 ఎన్నహ్దా అనే ఇస్లామిక్ పార్టీకి వచ్చాయి. ఒంటరిగా ఏలే బలం లేదు గనుక రెండు సెక్యులర్ పార్టీలతో చేతులు కలిపింది. 2013లో ఫిబ్రవరిలో శుక్రీ బెలయీద్, జులైలో మహమ్మద్ బ్రాహ్మీ అనే ఇద్దరు వామపక్ష నాయకులను ఇళ్ల ముందే కాల్చి చంపారు. దేశం చీలిపోతుందనుకున్నారంతా. సరిగ్గా ఆ నెలల్లోనే ఈజిప్టులో సైన్యం గద్దెనెక్కింది. ట్యునీషియాలో మాత్రం యూజీటీటీ ముందుకొచ్చి, తాను నిత్యం తగవు పడే యజమానుల సంఘాన్నీ, న్యాయవాదుల మండలినీ, మానవ హక్కుల సంఘాన్నీ కలుపుకొని, అధికార, ప్రతిపక్షాలను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. ఎన్నహ్దా ప్రభుత్వం నుంచి తప్పుకుంది. 2014 జనవరి 26న కొత్త రాజ్యాంగానికి సభలో 200 ఓట్లు పడ్డాయి. ఆ నాలుగు సంస్థల కూటమికి 2015లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది. యజమానులూ కార్మికులూ కలిసి నోబెల్ పంచుకున్న ఉదంతం ఇంకెక్కడైనా ఉందా?

ఈ వీధి అడిగింది ఈ వీధికి దొరికింది. మాట్లాడే హక్కు, ఓటు, పార్టీ పెట్టుకునే స్వేచ్ఛ. సంఘాల సంఖ్య కొన్నేళ్లలోనే రెట్టింపయింది. 2018లో తొలిసారి స్వేచ్ఛగా మున్సిపల్ ఎన్నికలు జరిగి, ట్యూనిస్‌కు మొదటిసారి ఒక మహిళ, సువాద్ అబ్దుర్రహీం, మేయరయ్యారు. కానీ విప్లవం ఈ వీధిలో పుట్టలేదు. పుట్టిన చోటు ఇక్కడికి సుమారు 270 కిలోమీటర్ల దూరంలో, దక్షిణాన ఉంది.

తోపుడు బండి ఊరు

సిదీ బూజీద్‌కు రైలు ఎక్కి దిగే వీలు లేదు. లువాజ్ అనే తెల్లటి వ్యాను ఎక్కాలి. ఎనిమిది మంది నిండేదాకా కదలదు, నిండాక ఎక్కడా ఆగదు. మన షేర్ ఆటో పద్ధతే, కాకపోతే వందల కిలోమీటర్లు పోతుంది. జిల్లాలు దాటేవాటికి ఎర్ర చార, జిల్లా లోపల తిరిగేవాటికి నీలం, పల్లెలకు పసుపు. ట్యూనిస్ దాటాక మొదట ద్రాక్ష, గోధుమ చేలు, తర్వాత ఆలివ్ తోటలు, ఆ తర్వాత ముళ్లజెముడు కంచెలు, ఎర్రమట్టి. నాలుగు గంటల ప్రయాణం.

ఊరు చూస్తే పెద్దగా చెప్పుకోవడానికేమీ ఉండదు. 1973లో కొత్త గవర్నరేట్ ఏర్పాటు చేసి జిల్లా కేంద్రం చేశాక పెరిగిన బస్తీ ఇది. ఒక పెద్ద రోడ్డు, బ్యాంకులు, కాఫీ కొట్లు, ఏ వేళ చూసినా ఆ కొట్ల ముందు కూర్చున్న కుర్రాళ్లు. చుట్టుపక్కల బోరుబావుల కింద టమాటా, పుచ్చకాయ, ఆలివ్, బాదం పండుతాయి. దేశానికి కూరగాయలు పెట్టే జిల్లాల్లో ఇదొకటి. పండించినది మాత్రం లారీలెక్కి తీరానికి పోతుంది. శుద్ధి చేసే ఫ్యాక్టరీలు, ప్యాకింగ్ చేసే కంపెనీలు, ఎగుమతి చేసే రేవులు అన్నీ అక్కడే. లాభమూ అక్కడే ఆగిపోతుంది.

ఈ ఊళ్లో మొహమ్మద్ బువజీజీ పండ్లూ కూరగాయలూ అమ్మేవాడు. వయసు 26. పట్టభద్రుడై ఉద్యోగం దొరక్క బండి తోశాడని అప్పట్లో ప్రపంచమంతా రాశారు. అది నిజం కాదు, అతని చదువు హైస్కూలు కూడా దాటలేదు. చిన్నప్పటి నుంచీ ఇల్లు నడిపింది అతనే. 2010 డిసెంబర్ 17న, అప్పు చేసి తెచ్చిన సరుకునూ తూకం కాటానూ మున్సిపల్ సిబ్బంది లాక్కున్నారు. గవర్నర్ ఆఫీసుకు వెళితే లోపలికి రానివ్వలేదు. బయటికొచ్చి, ఆ గేటు ముందే ఒంటికి నిప్పంటించుకున్నాడు. 2011 జనవరి 4న ఆసుపత్రిలో ప్రాణం వదిలాడు. ఇప్పుడు ఆ పెద్ద రోడ్డుకు అతని పేరే. పోస్టాఫీసు గోడ మీద అతని నిలువెత్తు చిత్రం. ఎదురుగా రాతితో చెక్కిన తోపుడు బండి, దాని చుట్టూ ఒరిగిపోయి పడి ఉన్న రాతి కుర్చీలు. కుర్చీలంటే పడిపోయిన పాలకుల సింహాసనాలన్నమాట. ప్రపంచంలో తోపుడు బండికి స్మారకం కట్టిన ఊళ్లు ఎన్నో ఉండవు.

అతడు నిప్పంటించుకున్న ఏడాదే ప్రపంచ ఆర్థిక వేదిక ఒక జాబితా వేసింది. పోటీ సామర్థ్యంలో ట్యునీషియాకు ప్రపంచంలో 32వ స్థానం, ఆఫ్రికాలో మొదటి స్థానం ఇచ్చింది. అదే ఏడు ప్రభుత్వ గణాంకాల ప్రకారం రాజధాని ప్రాంతంలో పేదలు వందకు తొమ్మిది మంది. సిదీ బూజీద్ ఉన్న మధ్య పశ్చిమ ప్రాంతంలో వందకు 32 మంది. ఒకే దేశం, రెండు లెక్కలు. మొదటిది దావోస్‌కు కనపడింది, రెండోది కనపడలేదు. విప్లవం వచ్చి నాలుగేళ్లు గడిచాక, 2015లో, మళ్లీ లెక్క తీశారు. రాజధానిలో పేదరికం అయిదు శాతానికి తగ్గింది. మధ్య పశ్చిమంలో దాదాపు 31 దగ్గరే నిలిచింది. అవెన్యూకు ఏం దక్కిందో, ఈ ఊరికి ఏం దక్కలేదో చెప్పడానికి ఇంతకంటే వేరే మాట అక్కర్లేదు.

కూలీ పనికి పోయే ఆడవాళ్లను ఇక్కడ ఓపెన్ ట్రక్కుల్లో, నిలబెట్టి, తెల్లవారకముందే పొలాలకు తరలిస్తారు. 2019 ఏప్రిల్‌లో సబ్బాలా దగ్గర అలాంటి ట్రక్కు ప్రమాదానికి గురై పది మందికి పైగా చనిపోయారు. వ్యవసాయ కూలీల రవాణాకు ప్రత్యేక చట్టం చేశారు. ట్రక్కులు మాత్రం ఆగలేదు. ఈ మాట చదువుతున్న మన మిర్చి, పత్తి జిల్లాల పాఠకులకు నేను వేరే వివరించాల్సిన పని లేదనుకుంటాను.

మన డీఏపీ బస్తా వెనక

సిదీ బూజీద్‌కు నైరుతి దిక్కున, ఎండిన కొండల మధ్య, గఫ్సా గనుల ప్రాంతం. 1885లో ఫిలిప్ తోమా అనే ఫ్రెంచి పశువైద్యుడు, శిలల మీద మక్కువతో తిరుగుతూ, మెత్లావీ దగ్గర ఫాస్ఫేట్ పొరలను కనిపెట్టాడు. 1897లో కంపెనీ పుట్టింది. స్ఫాక్స్ రేవు దాకా సుమారు 250 కిలోమీటర్ల రైలు పట్టాలు వేసి, శతాబ్దం ముగిసేలోగానే తవ్వకాలు మొదలుపెట్టారు. మెత్లావీ పక్కనే సెల్జా అనే లోయ ఉంది. నిటారు రాతి గోడల మధ్య సొరంగాల్లోంచి దూరి గనుల రైలు పట్టాలు పోతాయి. ఖనిజం కోసం వేసిన దారిలో ఇంత అందం ఎవరూ కోరుకోలేదు, అయినా ఉంది.

గనులు, సంపద ఇక్కడే, నిరుద్యోగం దేశంలోకెల్లా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఒకటీ ఇక్కడే. యంత్రాలు వచ్చాక మనుషుల అవసరం తగ్గింది. 2008 జనవరిలో గఫ్సా ఫాస్ఫేట్ కంపెనీ ఉద్యోగ పరీక్ష ఫలితాలు ప్రకటించింది. పైరవీలతో సొంతవాళ్లకే ఇచ్చారని రెదేయెఫ్ ఊరు భగ్గుమంది. ఆరు నెలలు సాగిన ఆ తిరుగుబాటును పోలీసులూ సైన్యమూ అణచివేశారు. రాజధానిలో వార్త రాలేదు. మూడేళ్ల తర్వాత ఇవే నినాదాలు, పని, స్వేచ్ఛ, దేశ గౌరవం, అవెన్యూ దాకా వినపడ్డాయి.

విప్లవం తర్వాత గనుల వద్ద భయం పోయింది. ఉద్యోగం కావాలన్న కుర్రాళ్లు పట్టాల మీద గుడారాలు వేసి కూర్చున్నారు. ప్రభుత్వాలు మారుతున్నాయి, ఎవరికీ వాళ్లను లేపే ధైర్యమూ లేదు, పని కల్పించే దారీ లేదు. చివరికి పర్యావరణం, మొక్కల పెంపకం పేరుతో కంపెనీలు పెట్టి, వేలమందిని చేర్చుకుని, పని చూపించకుండానే జీతాలిచ్చారు. 2010లో ఎనభై లక్షల టన్నులు దాటిన ఫాస్ఫేట్ ఉత్పత్తి మరుసటి ఏడాదే పాతిక లక్షల టన్నుల స్థాయికి పడిపోయింది. ఆ తర్వాత పాత లెక్కలో సగాన్ని అందుకోవడమే గగనమైంది. రైలు కదలక ఖనిజాన్ని లారీల్లో మోస్తే ఖర్చు తడిసి మోపెడైంది. ఎరువుల మార్కెట్లో మొరాకో పైకి పోయింది. కుర్రాళ్లది తప్పని అనడానికి నాకు మనసొప్పదు. వందేళ్లకు పైగా తమ కాళ్ల కిందనుంచి రైళ్ల నిండా సంపద వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చున్న ఊళ్లవి. కానీ పట్టాలు ఆగితే ఖజానా ఆగుతుంది, ఖజానా ఆగితే ఉద్యోగాలు ఆగుతాయి. ఆ ముడిని విప్పే నాయకుడు పదిహేనేళ్లలో ఒక్కడూ రాలేదు.

తెలుగు నేలకూ ఈ గనులకూ మధ్య ఒక తీగ ఉంది. స్ఫాక్స్, గాబెస్ నగరాల నడుమ తీరంలో స్ఖీరా అనే చోట టిఫర్ట్ పేరుతో ట్యునీషియా, భారత్ ఉమ్మడిగా కట్టిన ఫాస్ఫారిక్ యాసిడ్ కర్మాగారం ఉంది. అందులో చెరి 35 శాతం అక్కడి రెండు ప్రభుత్వ సంస్థలవి. చెరి 15 శాతం వాటాతో చేరిన భారతీయ సంస్థల్లో ఒకటి గుజరాత్ ప్రభుత్వ ఎరువుల కంపెనీ, రెండోది సికింద్రాబాద్ కేంద్రంగా, విశాఖ, కాకినాడల్లో ఫ్యాక్టరీలు నడిపే కోరమాండల్. ఏడాదికి 3,60,000 టన్నుల సామర్థ్యం. విప్లవం వచ్చేనాటికి ఇంకా నిర్మాణంలో ఉంది, 2013లో ఉత్పత్తి మొదలైంది. డీఏపీకీ, కాంప్లెక్స్ ఎరువులకూ మూలం ఈ ఆమ్లమే. రెదేయెఫ్‌లో ఎవరో కుర్రాడు పట్టాల మీద కూర్చుంటే మన సొసైటీ ముందు చెప్పుల వరుస పెరుగుతుందని చెప్పను, అంతకంటే పెద్ద కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఆ వరుసకూ ఆ పట్టాలకూ సంబంధమే లేదని కూడా అనలేం.

ఇదే పరిశ్రమకు ఇంకో ముఖం గాబెస్. సముద్రం ఒడ్డున ఖర్జూర వనం పెరిగిన అరుదైన చోటు అది. 1970ల్లో అక్కడ రసాయన సముదాయం పెట్టి, దాని వ్యర్థమైన ఫాస్ఫోజిప్సం సముద్రంలో కలుపుతూ వచ్చారు. చేపలు పోయాయి, ఊపిరితిత్తులు పాడయ్యాయి. 2025 అక్టోబర్‌లో బడిపిల్లలు విషవాయువులతో ఆసుపత్రి పాలయ్యాక, ఊరు ఊరంతా సమ్మె కట్టి వీధుల్లోకి వచ్చింది.

ఊరు చేసుకున్న తోట

అన్నీ ఇలాగే జరగలేదు. ఎడారి అంచున, కెబిలీ జిల్లాలో, జెమ్నా అనే చిన్న ఒయాసిస్ ఉంది. అక్కడ ఫ్రెంచివాడు ఒకప్పుడు నాటించిన ఖర్జూర తోట 185 హెక్టార్లు. స్వాతంత్ర్యం వచ్చాక అది ఊరికి రాలేదు, ప్రభుత్వానికి పోయింది. ఆ తర్వాత ప్రైవేటు వ్యాపారులకు కౌలుకు వెళ్లింది. బెన్ అలీ పారిపోవడానికి రెండు రోజుల ముందు, 2011 జనవరి 12న, ఊరివాళ్లు తోటలోకి నడిచి వెళ్లి అక్కడే బైఠాయించారు. ఒక సంఘం పెట్టుకున్నారు. చెట్లెక్కి గెలలు కోసేవాళ్లకు జీతాలు పెంచారు, కొత్త మొక్కలు నాటారు. దగ్లత్ నూర్ అనే, వెలుతురుకు పెడితే లోపలి గింజ లీలగా కనిపించే ఖర్జూరం అక్కడిది. దాన్ని ఏటా బహిరంగంగా వేలం వేసి, వచ్చిన డబ్బుతో బడికి గదులు, ఊరికి సంత, అంబులెన్స్ సమకూర్చుకున్నారు. భూమి ప్రభుత్వానిది, ఆక్రమణ చెల్లదని 2016లో అధికారులు బ్యాంకు ఖాతాలు స్తంభింపజేశారు. ఊరు వెనక్కి తగ్గలేదు. సహకార పద్ధతి సంస్థల కోసం 2020లో పార్లమెంటు చట్టం చేసిందంటే, వెనక జెమ్నా మీద నడిచిన చర్చ చాలా ఉంది. విప్లవం ఆర్థికంగా ఏమైనా కొత్తది కనిపెట్టిందా అని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ తోటనే.

పై స్థాయిలో జరిగింది వేరు. 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు తేల్చిన లెక్క ప్రకారం, బెన్ అలీ కుటుంబానికీ బంధువులకూ చెందిన 220 కంపెనీలే ప్రైవేటు రంగం లాభాల్లో అయిదో వంతుకు పైగా తన్నుకుపోయేవి. బ్యాంకులు, టెలికాం, విమానాలు, స్థలాల వ్యాపారం, ఏదీ వదల్లేదు. కొత్త పోటీదారు రాకుండా చట్టాలే రాయించుకున్నారు. విప్లవం ఆ ఆస్తులను జప్తు చేసింది. ఆ చట్టాల్లో చాలావాటిని మాత్రం అలాగే ఉంచింది. పాత కుటుంబం పోయిన చోట వేరే కొన్ని కుటుంబాలు కూర్చున్నాయి. ఉద్యోగాల ఒత్తిడికి తట్టుకోలేక ప్రభుత్వాలు సర్కారు కొలువులు నింపుకుంటూ పోయాయి. 2015లో ట్యూనిస్ బార్దో మ్యూజియంలోనూ, సూసా బీచ్‌లోనూ ఉగ్రవాదులు విదేశీ పర్యాటకులను చంపాక హోటళ్లు వెలవెలబోయాయి. డాలరుకు దీనార్లు 2010లో ఒకటిన్నర లోపు, 2023 నాటికి మూడు పైన. దేశం అప్పు స్థూల ఉత్పత్తిలో నలభై శాతం నుంచి ఎనభైకి చేరింది.

వీటన్నిటి మధ్య ఒక్కటి మాత్రం కదలలేదు, బాగెట్ రొట్టె ధర. 190 మిల్లీములు. వెయ్యి మిల్లీములు ఒక దీనార్. అంటే రొట్టె ధర మన డబ్బుల్లో అయిదు రూపాయల చిల్లర. దాని వెనక ఒక జ్ఞాపకం ఉంది. 1983 చివర్లో బూర్గిబా రొట్టె ధరను ఒక్కసారిగా రెట్టింపు చేస్తే దేశం మండిపోయింది, ఎంతోమంది కాల్పుల్లో చనిపోయారు. 1984 జనవరి 6న ఆయన రేడియోలో, టీవీలో మాట్లాడి పెంపును వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత ఏ పాలకుడూ రొట్టె ధరను ఒక్కసారిగా అంతగా పెంచడానికి సాహసించలేదు. గోధుమలు ఎక్కువగా దిగుమతి, ప్రభుత్వమే కొంటుంది, ఖజానాలో డాలర్లు లేకపోతే ఓడ రేవు బయటే ఆగుతుంది. 2023లో ధర అదే, రొట్టె మాత్రం దొరకలేదు. తెల్లవారుజామున బేకరీల ముందు క్యూలు కట్టారు.

మళ్లీ వీధిలోకి

తీరంలోని కుర్రాళ్లూ, లోపలి కుర్రాళ్లూ పార్టీల మీద విసిగిపోయారు. 2019 అక్టోబర్‌లో ఏ పార్టీకీ చెందని రాజ్యాంగ న్యాయశాస్త్ర అధ్యాపకుడు కైస్ సయీద్‌ను 72 శాతానికి పైగా ఓట్లతో అధ్యక్షుణ్ని చేశారు. ముఖంలో ఏ భావమూ లేకుండా, సాహిత్య అరబ్బీలో ఒకే స్వరంతో మాట్లాడతాడు గనుక జనం ఆయన్ను రోబోకాప్ అని పిలిచేవారు. 2021 జులై 25న, కోవిడ్ మరణాలతో దేశం అల్లాడుతున్నప్పుడు, ఆయన ప్రధానిని తొలగించి పార్లమెంటును స్తంభింపజేశాడు. ఆ రాత్రి అవెన్యూలో జనం కార్ల హారన్లు మోగిస్తూ సంబరం చేసుకున్నారు. బెన్ అలీని సాగనంపిన వీధే ఇది.

మరుసటి ఏడాది అదే జులై 25న కొత్త రాజ్యాంగానికి రెఫరెండం పెట్టారు. ఓటేసింది వందకు ముప్ఫై మంది. డిసెంబర్‌లో పార్లమెంటు ఎన్నికలు జరిగితే వందకు పదకొండు మందే వచ్చారు. 2022లో తెచ్చిన 54వ నంబరు డిక్రీ కింద, తప్పుడు వార్త రాశారన్న అభియోగం మీద అయిదేళ్ల దాకా జైలు పడుతుంది. 2023లో ఎన్నహ్దా అధినేత రాషిద్ ఘన్నూషీని అరెస్టు చేశారు, మున్సిపల్ కౌన్సిళ్లను రద్దు చేశారు. 2024 అక్టోబర్‌లో సయీద్ మళ్లీ గెలిచాడు. 90 శాతం ఓట్లు వచ్చాయి, పోలింగ్ 29 శాతం లోపే. అంతర్జాతీయ ద్రవ్యనిధి ఇస్తానన్న 190 కోట్ల డాలర్ల అప్పును, షరతులకు తలవంచనంటూ తిరస్కరించాడు. రొట్టె అల్లర్లను గుర్తు చేశాడు. ఆ ఒక్క మాటలో ఆయన్ని తప్పుపట్టడం కష్టం.

సయీద్ 2021 డిసెంబర్‌లో ఇంకో పని చేశాడు. విప్లవ దినోత్సవాన్ని జనవరి 14 నుంచి డిసెంబర్ 17కు మార్చాడు. విప్లవం అవెన్యూది కాదు, సిదీ బూజీద్‌ది అన్నాడు. లోపలి జిల్లాల వాళ్లు పదేళ్లుగా అంటున్నది అదే. అది న్యాయం కూడా. కాకపోతే ఆ తేదీకి సెలవు దొరికిందే గానీ, ఆ తేదీ అడిగిన పని ఇప్పటికీ దొరకలేదు. జనవరి 14 అడిగిన మాట కూడా ఇప్పుడు కొంత కొంతగా చేజారుతోంది. ప్రతిపక్షాలు మాత్రం ప్రతి జనవరి 14నా అవెన్యూకు వస్తూనే ఉన్నాయి.

వెళ్లి చూడాలనుకునే వాళ్లకు: హైదరాబాద్ నుంచి ట్యూనిస్‌కు నేరుగా విమానం లేదు, దుబాయ్, దోహా, ఇస్తాంబుల్‌ల మీదుగా వెళ్లాలి. వీసా నిబంధనలు ఢిల్లీలోని ట్యునీషియా రాయబార కార్యాలయంలో ముందే కనుక్కోండి. మార్చి నుంచి మే దాకా, మళ్లీ అక్టోబర్‌లో వాతావరణం హాయిగా ఉంటుంది. పిట్టల గోల వినాలంటే మాత్రం చలికాలంలోనే పోవాలి. అవెన్యూ తూర్పు కొసన, గడియార స్తంభం దాటగానే టీజీఎం స్టేషన్. 1872లో మొదలైన ఈ రైలు మార్గం లా గూలెత్, కార్తేజ్, సిదీ బూ సయీద్‌ల మీదుగా సముద్రం వెంట లా మర్సాకు పోతుంది. సిదీ బూజీద్, గఫ్సాలకు వెళ్లే లువాజ్‌లు మొన్సెఫ్ బే స్టాండ్‌లో దొరుకుతాయి. పొద్దున్నే వెళితే త్వరగా నిండుతాయి. అరబ్బీ, ఫ్రెంచి రెండింటిలో ఒక్కటైనా నాలుగు ముక్కలు రాకపోతే ఊళ్లలో కష్టమే. పోలీసు, సైనిక భవనాల ఫొటోలు తీయకండి. దీనార్లు దేశం దాటించడం నేరం, మిగిలినవి విమానాశ్రయంలోనే మార్చుకోవాలి. అందుకు మొదట డబ్బు మార్చినప్పుడు ఇచ్చిన రసీదు అడుగుతారు, పారేయకండి.